పేరు చివరి హల్లు: ఒక వియత్నాం రిసెప్షనిస్టుకు ఇంగ్లీషు పేర్లు నేర్పిన కేసు

నేపథ్యం

ఈ కేసులోని అభ్యాసకురాలు ముప్పై ఏళ్లలోపు యువతి. వియత్నాం దక్షిణాన ఉన్న మెకాంగ్ డెల్టాలో పుట్టి పెరిగి, హో చి మిన్ నగరంలోని ఒక దంతవైద్యశాలలో రిసెప్షన్ చూసుకుంటున్నది. అక్కడికి పళ్ల చికిత్స కోసం వచ్చే విదేశీయుల్లో ఆస్ట్రేలియా వారు ఎక్కువ, ఆ తర్వాత బ్రిటన్ వారు. ఆమె ఇంగ్లీషు రాత చక్కనిది. రోగులకు పంపే సందేశాల్లో వ్యాకరణ దోషం దొరకదు. నొప్పి, సమయం, బిల్లు వంటి విషయాలు మాట్లాడటంలోనూ ఇబ్బంది పడదు. ఇబ్బందంతా మనుషుల పేర్ల దగ్గరే. గుర్తింపుకు దారితీసే వివరాలన్నీ ఇక్కడ తీసేశాను. రోగుల పేర్లు మార్చాను గాని, అసలు పేర్ల మధ్య ఉన్న ధ్వని సంబంధాన్ని మాత్రం చెడనివ్వలేదు. కేసు మొత్తం ఆ సంబంధం మీదే నడిచింది.

వైద్యశాల యాజమాన్యం ఆమెను ఉచ్చారణ శిక్షణకు నా దగ్గరికి పంపడానికి కారణం ఒక సంఘటన. వెయిటింగ్ హాలులో మ్యాట్ అనే రోగి, మార్క్ అనే రోగి ఇద్దరూ కూర్చుని ఉండగా, ఆమె మ్యాట్‌ను పిలిస్తే మార్క్ లేచి లోపలికి వెళ్లాడు. కుర్చీలో కూర్చోబెట్టాక డాక్టరు ఫైలులోని పుట్టిన తేదీని సరిచూసి పొరపాటును పట్టుకోవడంతో ఏ హానీ జరగలేదు. పన్ను తీయవలసిన వ్యక్తి ఒకరు, శుభ్రం చేయించుకోవడానికి వచ్చిన వ్యక్తి మరొకరు కావడం వల్ల యాజమాన్యం గట్టిగానే కలవరపడింది.

సమస్యను చూసిన తీరు

‘ఆమెకు మాట్లాడే ఇంగ్లీషు తక్కువ’ అని యాజమాన్యం రాసి పంపింది. నాకు అది సరైన నిర్ధారణ అనిపించలేదు. వాక్యంలో ఒక మాట చివరి హల్లు మింగేసినా, వినేవాడు ముందూ వెనకా ఉన్న మాటలను బట్టి పూరించుకుంటాడు. పేరుకు ఆ ఆసరా లేదు. హాలులో వినిపించే ఒంటరి అక్షరంలో (ఇక్కడ అక్షరమంటే రాసేది కాదు, ఒక్క ఊపులో పలికే ముక్క) ఏ ధ్వని లోపించినా, దాన్ని ఊహించడానికి వినేవాడి దగ్గర ఆధారమేమీ ఉండదు. అందువల్ల సంభాషణ బాగా నడిపే మనిషి కూడా పేర్ల దగ్గర పూర్తిగా విఫలం కావచ్చు.

అందుకని మొదట రెండు పరీక్షలు విడివిడిగా పెట్టాను. ఒకటి, అపాయింట్‌మెంట్ జాబితా చూసి పేర్లు చదవడం. రెండవది, వేర్వేరు గొంతులు పలికిన పేర్లు విని రాయడం. నోటి లోపమూ చెవి లోపమూ ఒకటి కావు, వాటి చికిత్సా ఒకటి కాదు. ఆమె విషయంలో రెండూ ఉన్నాయి, పైగా రెండూ ఒకే చోట ఉన్నాయి: అక్షరం చివర. మ్యాట్, మార్క్, మ్యాక్ మూడూ ఆమె నోట ఒకే విధంగా వచ్చేవి, చెవికీ ఒకే విధంగా వినపడేవి. జేమ్స్, జేన్, జేక్ పేర్లలో మొదటి సగం సరిగా పట్టుకుని, మిగతా సగాన్ని అదృష్టానికి వదిలేసేది.

దీనికి కారణం ఆమె మాతృభాష నిర్మాణంలో ఉంది. వియత్నామీస్ పలుకులో అక్షరం చివర రాగల హల్లులు చాలా తక్కువ: ప, త, క అనే మూడు స్పర్శాలు, మ, న, ఙ అనే మూడు అనునాసికాలు. వీటికి తోడు య, వ లాంటి అర్ధస్వరాలు. స, ఫ, ల వంటివి చివర రానే రావు. ఆ మూడు స్పర్శాలు కూడా పూర్తిగా విడవకుండా, నోరు మూసి ఆపేసినట్టు పలుకుతారు. హల్లుల గుంపులకైతే చోటే లేదు. కారల్ మార్క్స్ పేరును వియత్నామీయులు ‘కాక్ మాక్’ అని రాసుకుంటారు. రెండు పేర్ల చివరలు పూర్తిగా వేరైనా, రెండూ ఒకే కకారంలో పడిపోయాయి. మనం అదే చోట ‘కారల్’ అని మధ్యలో ఒక అచ్చు దూర్చుకున్నాం. బస్సు, కారు అని చివర ఉకారం చేర్చుకునే అజంత భాష మనది కాబట్టి, ఇంగ్లీషు హలంతాలు మన నోట సాగుతాయి, వియత్నామీయుల నోట తెగుతాయి. తెలుగువారు ఎవరైనా వియత్నాంలో ఇంగ్లీషు నేర్పడానికి పూనుకుంటే ఈ తేడాను ముందే మనసులో పెట్టుకోవాలి. మన పిల్లలకు పనికివచ్చే ‘చివర ఉకారం తీసేయి’ అన్న సలహా ఇక్కడ ఎందుకూ కొరగాదు.

మ్యాట్, మార్క్ కలిసిపోవడానికి మరో కారణం ఆమె ప్రాంతం. దక్షిణ వియత్నాం పలుకుబడిలో చాలా అచ్చుల తర్వాత వచ్చే చివరి తకారం కకారంగా మారిపోతుంది. చల్లదనాన్ని తెలిపే ‘మాత్’, లేబుల్ అని అర్థమిచ్చే ‘మాక్’ ఉత్తరాన ఉన్న హనోయ్‌లో రెండు మాటలు. మెకాంగ్ డెల్టాలో వినడానికి ఒకటే. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ వారిలో చాలామంది మార్క్‌లోని రేఫను పలకరు. ఆ రేఫ కూడా లేకపోయాక అక్షరం చివర ఆమెకు ఈ రెండు పేర్లను విడదీసే గుర్తు ఏదీ మిగలలేదు.

టోన్ సంగతి కూడా చెప్పాలి. టోన్ అంటే అక్షరాన్ని పలికేటప్పుడు గొంతు లేచే, దిగే తీరు; వియత్నామీస్‌లో అది మారితే మాట అర్థమే మారిపోతుంది. ప, త, కలతో ముగిసే వియత్నామీస్ అక్షరానికి రెండే టోన్లు సాధ్యం: పైకి లేచేది ఒకటి, కిందికి బరువుగా కుంగేది ఒకటి. ఆమె మార్క్, ప్యాట్, రిక్ వంటి పేర్లన్నిటినీ అలవాటు ప్రకారం లేచే టోన్‌లో పిలిచేది. ఆస్ట్రేలియా రోగులకు అది పిలుపులా కాక సందేహంలా వినిపించేది. దీన్ని వెంటనే సరిదిద్దవద్దని నిర్ణయించుకున్నాను. చివరి హల్లు కుదుటపడితే టోన్ పట్టు దానంతట అదే సడలే అవకాశం ఉంది. రెండింటినీ ఒకేసారి కదిలిస్తే ఆమె ధ్యాస చెదిరిపోతుంది.

ప్రయత్నించి వదిలేసినవి

నా దగ్గరికి వచ్చేటప్పటికే ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ప్రతి ఇంగ్లీషు పేరు పక్కనా వియత్నామీస్ వర్ణక్రమంలో దాని ఉచ్చారణ రాసుకున్నది. ఈ పద్ధతికి ఆ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. విదేశీ పేర్లను అక్షరాలుగా విడగొట్టి, మధ్యలో అడ్డగీతలు పెట్టి అచ్చువేయడం పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం సాగింది. ఆమెకు నమ్మకం కలిగించిన పద్ధతి కాబట్టి వెంటనే మాన్పించక, దాన్నే మెరుగుపరచి వాడించి చూశాను. ఎంత మెరుగుపరచినా దాని పరిమితి మారలేదు. వియత్నామీస్ వర్ణక్రమంలో రాయగానే పేరు వియత్నామీస్ అక్షర నియమాలకు లోబడిపోతుంది, చివరి సకారాన్ని రాసే చోటే ఉండదు. పైగా ఒకే రాతను ఉత్తరాన ఒక విధంగా, దక్షిణాన మరో విధంగా చదువుతారు. జాన్, జేమ్స్ వంటి పేర్ల మొదటి ధ్వనికి వాడే జంటాక్షరాన్ని హనోయ్ వారు ఇంగ్లీషు జెడ్‌కు దగ్గరగా పలికితే, ఆమె ప్రాంతంలో అది యకారం అవుతుంది. ఆమె నోటుపుస్తకాన్ని బట్టి జేన్ ‘యేన్’ అయ్యేది.

తర్వాత చివరి హల్లును విడిగా, గట్టిగా పలికించే అభ్యాసం పెట్టాను. ఎక్కువమంది శిక్షకులు మొదట చేసేది ఇదే, దానికి తగిన కారణమూ ఉంది: లేని ధ్వనిని ముందు ఉనికిలోకి తేవాలి, తర్వాత తగ్గించవచ్చు. ఆమె శ్రద్ధగా చేసింది. కాని వియత్నామీస్ నోటికి హల్లు విడిగా పలకాలంటే దాని వెనక ఒక అచ్చు కావాలి. ఆ భాషలో అందుకు సిద్ధంగా ఉన్నది అకారానికి దగ్గరగా ఉండే ఒక మధ్యాచ్చు. దాంతో మార్క్ రెండక్షరాల పేరైపోయింది. హాలులో ఆ పిలుపు ‘మార్కస్’ అన్నట్టు ఉండేది, మార్కస్ అనే రోగులూ వస్తుంటారు. అభ్యాసం సాగేకొద్దీ అలవాటు గట్టిపడే ప్రమాదం కనిపించి దాన్ని ఆపేశాను.

పనిచేసిన మార్గం

అక్కడి నుంచి ఆలోచన వేరే దిక్కుకు మళ్లింది. అక్షరం చివర త, కలను వేరుచేయలేని ఈమె, అక్షరం మొదట వాటిని తడబాటు లేకుండా వేరుచేస్తుంది. సకారమూ అంతే, మొదట వస్తే ఆమె భాషలోని మామూలు ధ్వనే. కాబట్టి చివరి హల్లును కొత్తగా నేర్పడం కంటే, దాన్ని తర్వాతి మాటకు తొలి హల్లుగా మార్చడం సులువు. పేరు తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట రావాలి, అంతే.

ఆమె రోజూ వాడే పిలుపునే ఇందుకు తగ్గట్టు మార్చాం. ఒంటరిగా పేరు పిలిచే బదులు ‘ఈజ్ మ్యాట్ ఇన్ ద రూమ్?’ అని అడగడం. ఇక్కడ తకారం ‘ఇన్’ మీదికి దూకి ‘మ్యా-టిన్’ అవుతుంది, మార్క్ ‘మా-కిన్’ అవుతుంది, ఆలిస్ ‘ఆలి-సిన్’ అవుతుంది. వియత్నామీస్‌లో ప్రతి అక్షరమూ తన హద్దులో తాను నిలబడుతుంది. మన సంధి లాంటి కలయిక ఆ భాషలో సహజం కాదు. అందువల్ల ఈ కలిపి పలకడమే ఆమెకు అసలైన కొత్త పని. మొదట పేరు అర్థాన్ని మరిచిపోయి, ‘మ్యా’, ‘టిన్’ అని రెండు వియత్నామీస్ అక్షరాలుగానే పలికించాను. తర్వాత వేగం పెంచాం. ఆ తర్వాతే ‘ఇన్’ను క్రమంగా కుదించి, చివరికి నోటిలో ఉద్దేశంగా మాత్రమే మిగిల్చాం. అలా మిగిలిన తకారం, విడిగా అభ్యసించిన దానిలా అచ్చును వెంటబెట్టుకుని రాలేదు.

దీనితో పాటు చెవికి వేరే ఆధారం ఇచ్చాను. ఆమె చెవి చివరి త, కలను వేరుచేయడానికి చాలా కాలం పడుతుంది. అంతవరకు మ్యాట్, మార్క్‌లను అచ్చుతో గుర్తుపట్టవచ్చు. వియత్నామీస్‌లో పొట్టి అకారానికీ పొడుగు ఆకారానికీ తేడా ఉంది, ఎకారానికి దగ్గరి అచ్చు కూడా ఉంది. మార్క్‌లోది పొడుగు ఆకారం. మ్యాట్‌లోది, ముఖ్యంగా చాలామంది ఆస్ట్రేలియా వారి నోట, ఎకారం వైపు ఒరిగే అచ్చు. ‘చివర వినబడకపోతే నడుమ చూడు’ అని చెప్పిన తర్వాత, వేర్వేరు గొంతుల్లో ఆ రెండు పేర్లను విని ఎంచుకునే అభ్యాసంలో ఆమె తడబాటు త్వరగానే తగ్గింది. లోపాన్ని సరిదిద్దడం కంటే ఉన్న బలంతో దాన్ని దాటించడం పెద్దవారికి నేర్పేటప్పుడు ఎక్కువ ఫలిస్తుందని నా అభిప్రాయం.

ఈ పిలుపు అన్ని పేర్లకూ సరిపోలేదు. పాల్ అనే పేరు ‘ఇన్’తో కలిస్తే పాలీన్ అనే స్త్రీ పేరు వైపు జారుతుంది. లకారంతో ముగిసే పేర్లకు అందుకే వేరే దారి వెతికాం. నోబెల్‌ను ‘నో-బెన్’ అన్నట్టే ఆమె పాల్ చివర నకారం పెట్టేది. మరోవైపు ఈ-మెయిల్ అనే మాటను వియత్నామీయులు వాడుకలో ‘ఇ-మెవ్’ లాగా, చివర అర్ధస్వరంతో పలుకుతారు. ఇంగ్లీషువారిలోనూ చాలామంది చివరి లకారాన్ని ఉకారంలా మెత్తగా వదిలేస్తారు కాబట్టి, నకారం కంటే ఆ అర్ధస్వరమే అసలు ధ్వనికి చేరువ. పాల్‌ను ఈ-మెయిల్ పద్ధతిలో పలకమన్నాను, లకారాన్ని ముట్టుకోలేదు. పాల్ మొదటి పకారం మాత్రం బకారంలా వస్తుండటంతో దానికి కొంత పని పడింది, ఎందుకంటే వియత్నామీస్‌లో మాట మొదట పకారం దాదాపుగా అరువు మాటల్లోనే వస్తుంది.

వదిలేసిన వాటిలో కీత్, రూత్ పేర్ల చివరి ధ్వని ఒకటి. నాలుక కొనను పళ్ల మధ్య పెట్టి పలికే ఆ ధ్వని మాట మొదట వస్తే వియత్నామీయులూ మనమూ ఒకే ప్రత్యామ్నాయం వాడతాం: మహాప్రాణ థకారం. అంతర్జాతీయ సంభాషణకు తప్పనిసరైన ఇంగ్లీషు ధ్వనుల పట్టికను 2000లో ప్రతిపాదించిన జెన్నిఫర్ జెంకిన్స్ కూడా ఈ ధ్వనిని అందులో చేర్చలేదు. పైగా దీన్ని నేర్పితే కొత్త చిక్కు వస్తుంది. థామస్, థెరీసా పేర్లలో టీ, హెచ్ అక్షరాలు కలిసి ఉన్నా ఇంగ్లీషువారు పలికేది టకారమే, అదీ కొంచెం ఊపిరితో. వియత్నామీస్ అలవాటుతో చదివితే ఈ పేర్లు ఇంచుమించు సరిగానే వస్తాయి. ధ్వనిని కష్టపడి నేర్చుకున్నవారే థామస్ దగ్గర నాలుక బయటికి పెడతారు.

రెండు మూడక్షరాల పేర్లలో ఊనిక, అంటే ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, కోసం ఆమె భాషలోని అరువు మాటలనే ఆధారం చేసుకున్నాను. ఫ్రెంచి నుంచి వచ్చిన కాఫీ మాటలో మొదటి అక్షరానికి కిందికి దిగే టోన్, రెండవదానికి సమటోన్ ఉంటాయి. మూలంలో ఊనిక రెండవ అక్షరం మీద ఉండటాన్ని ఆ భాష అలా నమోదు చేసుకుంది. మిషెల్, డెనీస్, ఎలేన్ పేర్లను ‘కాఫీ వరుస’ అన్నాం. సూజన్, పీటర్, హెలెన్ దానికి తలకిందులు. ఊనిక అంటే టోన్ కాదు, ప్రశ్నలో గొంతు లేచే, దిగే తీరు పూర్తిగా మారిపోతుంది. అయినా ప్రతి అక్షరాన్నీ సమాన బరువుతో పలికే మనిషికి ఇది మంచి తొలిమెట్టు.

పిలిచే మర్యాద, రాసుకునే మర్యాద

ధ్వనులతో పనిలేని చిక్కు ఒకటి మధ్యలో బయటపడింది. ఆమె రోగులను ‘మిస్టర్ జేమ్స్’, ‘మిస్ సూజన్’ అని పిలిచేది. వియత్నాంలో మన ఇంటిపేరు లాగే వంశనామం ముందు, మనిషి పేరు చివర ఉంటాయి. ఎంత పెద్దవారినైనా చివరి పేరుతోనే గౌరవిస్తారు. వియత్నాం సేనాని వో న్గుయెన్ గియాప్‌ను ప్రపంచమంతా జనరల్ గియాప్ అనడం అందుకే. జనాభాలో దాదాపు మూడో వంతు న్గుయెన్లే ఉన్న చోట వంశనామంతో పిలిస్తే సగం హాలు లేచి నిలబడుతుంది. ఇంగ్లీషులో మిస్టర్ తర్వాత ఇంటిపేరు రావాలని యాజమాన్యం పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు వస్తుంది, వైద్యశాల సాఫ్ట్‌వేరులో వియత్నామీస్ క్రమం ఉంది, కెల్లీ, రయన్, జేమ్స్, థామస్ వంటివి ఇంటిపేర్లుగానూ పేర్లుగానూ తిరుగుతాయి. ఇన్నిటి మధ్య పిలిచే క్షణంలో తిరగేయమంటే తప్పులు పెరుగుతాయి. మిస్టర్ తీసేసి, పేరుతో మాత్రమే పిలిచి, ఇంటిపేరునూ పుట్టిన తేదీనీ కౌంటర్ దగ్గర మెల్లగా అడిగి సరిచూసుకోవడం మేలని సూచించాను. ఆస్ట్రేలియా వారికి దానివల్ల నొప్పి కలగదు. ఆమెకు మాత్రం కలిగింది: అన్న, అక్క అని వరసలు కలపనిదే పెద్దలను పలకరించని సంస్కారంలో పెరిగిన మనిషి, తాత వయసు వారిని ఒట్టి పేరుతో పిలవలేనన్నది. పెద్దవారి విషయంలో పేరు, ఇంటిపేరు రెండూ కలిపి పూర్తిగా పిలిచేలా తనే ఒక మధ్యేమార్గం చెప్పింది. రెండు పేర్ల వల్ల గుర్తింపూ సులువైంది కాబట్టి దాన్నే ఖాయం చేశాం.

ఫోనులో పేర్లు రాసుకోవడం వేరే సమస్య. పాత టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. స, ఫ ధ్వనులను వేరుచేసే శక్తి చాలావరకు దానికి పైనే ఉంటుంది. జెఫ్, జెస్ పేర్లను ఫోనులో ఇంగ్లీషువారే కలగలుపుకుంటారు. కాబట్టి చెవికి ఇంకా శిక్షణ ఇవ్వడం దండగ. ప్రతి పేరునూ అక్షరాలు చెప్పించి రాసుకోవాలి. అందులోనూ ఒక ఉచ్చు ఉంది. రోగి ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం చెబితే ఆమె చేయి ‘ఐ’ అక్షరం రాసేది, వియత్నామీస్ లిపిలో ఆ అక్షరాన్ని పిలిచేదే అలా కనుక. ఎఫ్, జే, డబ్ల్యూ, జెడ్ అక్షరాలు వారి వర్ణమాలలోనే లేవు. అక్షరానికి ఒక మాట జోడించే పద్ధతి పెట్టాం. 1956 నుంచి విమానయానంలో వాడే ఆల్ఫా, బ్రావో పట్టిక ఇందుకు సరిపోలేదు. అందులో చార్లీ, మైక్, ఆస్కార్, విక్టర్ అన్నీ మనుషుల పేర్లే. నగరాల పేర్లు ఎంచుకున్నాం. సిడ్నీ కూడా మనిషి పేరే కావడంతో దాని చోట సింగపూర్‌ను చేర్చాం.

బిల్ అని ఫోను చేసిన వ్యక్తికీ, విలియం అని పాస్‌పోర్టు చూపించిన వ్యక్తికీ రెండు రికార్డులు తయారైన ఉదంతాలు కూడా కనిపించాయి. మార్గరెట్ పెగ్గీ అవుతుందని, రాబర్ట్ బాబ్ అవుతుందని ఊహించడం ఎవరికైనా కష్టమే. దీనికి శిక్షణ అక్కరలేదు. దరఖాస్తులో ‘మిమ్మల్ని ఏమని పిలవాలి’ అనే గడి ఒకటి చేర్చితే చాలింది.

ఇతర శిక్షకులకు

కొన్ని నెలల తర్వాత ఆమె పిలుపు హాలులో తేటగా వినిపించేది. మ్యాట్, మార్క్ వంటి జంటలు మళ్లీ తారుమారైనట్టు వైద్యశాల నుంచి ఫిర్యాదు రాలేదు. ఫోనులో మాత్రం ఆమె ఇప్పటికీ చెవిని నమ్ముకోదు, నమ్ముకోవలసిన అవసరమూ లేదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో లకారం ముందు ఎకారాన్ని ‘యా’ వైపు జరిపి పలికేవారు చాలామంది ఉన్నారు. వారి నోట ఎలెన్ అనే స్త్రీ పేరు, అలన్ అనే పురుషుడి పేరు ఒక్కటిగానే వస్తాయి. అటువంటి చోట ఏ అభ్యాసమూ పనిచేయదు, అడగడమొక్కటే దారి. తొలిరోజుల్లో మళ్లీ అడగడాన్ని తన చేతకానితనంగా భావించిన ఆమెకు ఈ ఉదాహరణ మిగతా వాటన్నిటికంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

ఈ పద్ధతిని హనోయ్ ప్రాంతం వారికి యథాతథంగా వాడకూడదు. వారి పలుకులో చివరి త, కలు విడిగానే ఉంటాయి, కాబట్టి మ్యాట్, మార్క్ జంట వారిని అంతగా బాధించదు. ఉత్తరాన ఎర్రనది డెల్టాలోని కొన్ని ప్రాంతాల్లో ల, నలు తారుమారవుతాయి. అక్కడివారికి లీనా, నీనా, లెన్, నెల్ పేర్లతో మొదలుపెట్టాలి. రేఫను కూడా ఉత్తరాది వారు జెడ్ వైపు తీసుకుపోతారు కనుక రోజ్, రాబిన్ పేర్లకు మొదటి హల్లు మీదే పని ఉంటుంది. చివరి సకారానికి మాత్రం ‘ఇన్’ కలిపే పిలుపు రెండు ప్రాంతాల వారికీ ఒకే విధంగా ఉపయోగపడుతుంది. అభ్యాసకులు ఎక్కడివారో అడిగి తెలుసుకున్నాకే పేర్ల జాబితా తయారు చేసుకోవడం మంచిది.